విరిగిన వెదురు లెక్క

లెక్కల పుస్తకంలో వట్టి అంకెలుంటే ఎవరూ భయపడరు. వాక్యాలు వస్తేనే చిక్కు. పాతకాలంలో లెక్కలన్నీ వాక్యాలే, అదీ పద్యాల్లో! పద్యమైతే నోటికి వస్తుంది కదా.

9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ అంటే అందరికీ తెలుసు, మల్లన పేరు మాత్రం మా క్లాసులో ఎవరూ వినలేదు. మహావీరుని గ్రంథాన్ని ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ ఎం. రంగాచార్య పరిష్కరించి, ఇంగ్లీషు అనువాదంతో 1912లో అచ్చు వేయించారు. అచ్చయింది మన మద్రాసులోనే.

ఇలాంటి లెక్కల్లో నాకు బాగా నచ్చింది భాస్కరాచార్యుని లీలావతిలోది. ఆ పుస్తకం 1150 నాటిది. 32 మూరల వెదురు గాలికి విరిగింది. కొన వంగి, మొదలుకు 16 మూరల దూరంలో నేలను తాకింది. ఎంత ఎత్తులో విరిగింది?

మా బడిలో చిన్న తరగతి పిల్లల్ని ఈ లెక్క అడిగాను. 32లోంచి 16 తీసేసి "16 అన్నా!" అని అరిచారు. తప్పని చెప్పలేదు, బొమ్మ గీయమన్నాను. నిలబడ్డ ముక్క 16 అయితే వాలిన ముక్కా 16. నేల మీద దూరం కూడా 16. అలా గీస్తే వాలిన ముక్క నేల మీద పడుకోవాల్సిందే, పైకి లేవడానికి పొడవు చాలదు. ఒక పిల్లవాడు అది చూసి తనే చెరిపేశాడు.

పుస్తకంలో వాలు గీతను కర్ణం అంటారు. కర్ణం అంటే చెవి కదా అని అడిగారు! బయట తమిళం, ఇంట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. వాళ్ళు ఆగిపోయేది లెక్క దగ్గర కాదు, మాట దగ్గర. బొమ్మలో ఆ గొడవ లేదు.

తర్వాత భాస్కరుని పద్ధతి చూపించాను. 16 వర్గం 256. దాన్ని 32తో భాగిస్తే 8. అదే రెండు ముక్కల తేడా. మొత్తం 32, తేడా 8 కాబట్టి వాలిన ముక్క 20, నిలబడ్డది 12 మూరలు.

చైనా వాళ్ళ పాత గణిత గ్రంథంలోనూ విరిగిన వెదురు ఉంది, ఎత్తు 10, దూరం 3. యాంగ్ హుయ్ 1261లో దానికి బొమ్మే వేశాడు.

లీలావతిలోదే ఇంకొకటి. 9 మూరల స్తంభం మీద నెమలి, స్తంభం మొదట్లో పాము పుట్ట. 27 మూరల దూరం నుంచి పాము పుట్టకు వస్తుంటే నెమలి ఏటవాలుగా దూకి పట్టింది. రెండూ నడిచిన దూరం సమానం. పుట్టకు ఎంత దూరంలో పట్టింది? నాకు 12 వచ్చింది, మీరు గీసి చూడండి.