షుగర్ మాత్ర, పీసీఓఎస్, మన అనంతపురం

పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి డాక్టర్ మెట్‌ఫార్మిన్ రాస్తే మన ఇళ్ళల్లో మొదట వచ్చే ప్రశ్న "అది షుగర్ మాత్ర కదా, నీకెందుకు?" అని. ఇంకా పెళ్ళి కాలేదంటే ఆ స్ట్రిప్ బీరువాలో బట్టల కిందకి పోతుంది. సంబంధాల వాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారో అని భయం. అసలు షుగర్ మాత్ర అండాశయాల దాకా ఎలా వచ్చిందో చూద్దాం.

1935లో చికాగోలో స్టైన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్ళ గురించి రాశారు. నెలసరి సరిగ్గా రాదు, అండాశయాల నిండా నీటి బుడగలు. వాళ్ళు చేసిన వైద్యం ఏంటంటే అండాశయంలో కొంత ముక్క కోసి తీసెయ్యడం. ఏడుగురికీ నెలసరి మళ్ళీ వచ్చింది, ఇద్దరు గర్భవతులయ్యారు. ఇంకేముంది, చాలా ఏళ్ళ పాటు అందరి చూపూ అండాశయం మీదే. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్ ఏ స్క్రీన్ మీద కనపడితే ఆ స్క్రీన్ కోడే మార్చుకుంటూ కూర్చోవడం అన్నమాట.

1980లో అమెరికాలోని మెంఫిస్‌లో బర్ఘెన్ బృందం ఇంకొంచెం లోతుకెళ్ళింది. ఈ ఆడవాళ్ళ రక్తంలో ఇన్సులిన్ ఎంత ఎక్కువుంటే మగ హార్మోన్లు కూడా అంత ఎక్కువున్నాయని గమనించింది. శరీరం ఇన్సులిన్ మాట వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని మగ హార్మోన్లు తయారు చెయ్యమని తొందరపెడుతుంది. దాంతో అండం విడుదల ఆగిపోతుంది. అలాంటప్పుడు ఇన్సులిన్ తగ్గిస్తే?

తగ్గించే మందు అప్పటికే ఉంది. మెట్‌ఫార్మిన్‌ని 1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ తయారు చేశారు. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ దాన్ని షుగర్ రోగులకి వాడి ఫలితాలు ప్రకటించాడు. దాని దాయాది ఫెన్‌ఫార్మిన్ వల్ల రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయి కొందరు చనిపోవడంతో 1970ల చివర్లో అమెరికా దాన్ని తీసేసింది. మెట్‌ఫార్మిన్‌కి అక్కడ అనుమతి 1994 డిసెంబర్లో గానీ రాలేదు. చిత్రమేంటంటే, అదే 1994లో వెనిజులా నుంచి వెలాస్కెజ్ బృందం మెట్‌ఫార్మిన్‌తో పీసీఓఎస్ వాళ్ళకి ఇన్సులిన్ తగ్గి నెలసరి మెరుగైందని రాసింది. ఇదే దారిలో ప్రయత్నించిన ట్రోగ్లిటజోన్ మాత్రం లివర్‌ని దెబ్బతీస్తోందని 2000లో అమెరికా మార్కెట్ నుంచి వెళ్ళిపోయింది.

ఆ ఉత్సాహానికి బ్రేకు 2007లో పడింది. అమెరికాలో 626 మంది మీద పెద్ద పరీక్ష జరిగింది. పిల్లలు పుట్టింది క్లోమిఫిన్ వాడినవాళ్ళలో 22.5 శాతం మందికి, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్ళలో 7.2 శాతం మందికి, రెండూ వాడితే 26.8 శాతం మందికి. అంటే మనవాళ్ళు ఏ పని కోసం ఈ మాత్ర మీద ఆశ పెట్టుకుంటారో, సరిగ్గా ఆ పనిలోనే అది వెనకబడింది.

ఇదంతా ఎక్కడో చికాగో గొడవ, మనకెందుకు అంటారా? మన అనంతపురానికి రండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని కరువు సీమ. ఇన్సులిన్ సమస్య అంటే బాగా తిని కూర్చునేవాళ్ళ జబ్బు అనుకునే మనకి, గుర్తు రావలసిన ఆఖరి ఊరు. అక్కడ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15-18 ఏళ్ళ అమ్మాయిలు 460 మందిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. 42 మందికి పీసీఓఎస్ ఉంది, అంటే 9.13 శాతం. అందులో 29 మందికి మొహం మీద వెంట్రుకల్లాంటి, మగ హార్మోన్ల వల్ల పైకి కనపడే లక్షణాలు లేవు. ఒక్క కాలేజీ లెక్క జిల్లా అంతటికీ వర్తించదు, నిజమే. కానీ వీళ్ళెవరూ పిల్లలు పుట్టలేదని డాక్టర్ దగ్గరికి వచ్చినవాళ్ళు కాదు, ఇంకా చదువుకుంటున్న పిల్లలు!

అదే బృందం అనంతపురంలోనే 90 మంది అమ్మాయిలతో ఇంకో పరీక్ష చేసింది. సగం మందికి రోజుకో గంట యోగా, మిగతా సగానికి మామూలు వ్యాయామం, 12 వారాలు. బరువులో మార్పుతో సంబంధం లేకుండా యోగా చేసినవాళ్ళలో ఇన్సులిన్ లెక్కలు ఎక్కువ మెరుగయ్యాయని 2012లో రాశారు. దీన్ని బట్టి మాత్రలు మానేసి ఆసనాలు వెయ్యమని నేను చెప్పట్లేదు. మందు మొదలెట్టడమూ ఆపడమూ డాక్టర్ పని. ఇన్సులిన్‌ని తగ్గించే దారి మాత్ర ఒక్కటే కాదు అని మాత్రమే నా పాయింటు.

2023 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం అండం విడుదల కోసం మొదటి మందు లెట్రోజోల్. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా ఇన్సులిన్, షుగర్ సంగతి చూసుకోవడానికి. పీసీఓఎస్ అని తేలగానే షుగర్ పరీక్ష చెయ్యాలి, తర్వాత ఒకటి నుంచి మూడేళ్ళకోసారి మళ్ళీ చెయ్యాలి.

మన ఇళ్ళల్లో జరిగేది దీనికి పూర్తిగా రివర్స్. పెళ్ళి కుదిరేదాకా దాచడం, పెళ్ళయ్యాక పిల్లల కోసం హడావిడి పడటం, బిడ్డ పుట్టగానే "ఇక తగ్గిపోయింది" అని ఫైలు మూసెయ్యడం. టికెట్ క్లోజ్ చేశాం గానీ బగ్ అలాగే ఉంది. నలభై ఏళ్ళకి షుగర్ బయటపడితే మాత్రం "వంశంలో ఉంది" అంటాం.

మీ చెల్లెలికో, భార్యకో, టీములో స్నేహితురాలికో ఇది ఉందని తెలిస్తే "పిల్లల సంగతేంటి" అని అడక్కండి. అది అడిగేవాళ్ళు ఊరంతా ఉన్నారు. చివరిసారి షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని అడగండి.