అశ్వవత్సరమును, మూలానక్షత్రమును

మారతహళ్ళిలో స్థిరపడిన మనకును, మన పొరుగున నున్న కన్నడిగులకును ఉగాది యొక్కటే, సంవత్సరనామమును ఒక్కటే. ఇట్టి అరువదేండ్ల చక్రము చైనావారికిని కలదు. వారిది పది కాండములును పండ్రెండు శాఖలును జతగూడుటచే నేర్పడినది. మనది బృహస్పతి రాశిచక్రమును ఐదుమార్లు చుట్టివచ్చు కాలమును బట్టి పుట్టినది. మన ప్రభవ 1987లో రాగా, వారి చక్రము మూడేండ్లు ముందుగా, 1984లో, మొదలైనది.

చైనావారు ఒక్కొక్క శాఖకు ఒక జంతువును కూర్చిరి: ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగను, పాము, గుఱ్ఱము, మేక, కోతి, కోడి, కుక్క, పంది. ఎలుక యేట పుట్టినవాడు చతురుడనియు, ఎద్దు యేటివాడు ఓర్పరి యనియు, పులి యేటివాడు సాహసి యనియు వారి నమ్మకము. క్రీ.శ. మొదటి శతాబ్దిలోనే వాంగ్ చుంగ్ అను పండితుడు, నీటికి చెందిన ఎలుక నిప్పుకు చెందిన గుఱ్ఱమును తరుమకుండుటను ఎత్తిచూపి, పంచభూతముల గెలుపోటములను ఈ జంతువులకు అంటగట్టు వారిని ఎగతాళి చేసెను.

మనకును జంతువులు లేకపోలేదు. అవి యేటికి గాక నక్షత్రమునకు చెందినవి. పెండ్లి పొంతనలలోని యోనికూటమున అశ్వినీ శతభిషములకు గుఱ్ఱము, భరణీ రేవతులకు ఏనుగు, ఆర్ద్రా మూలలకు కుక్క. ఇట్లు అభిజిత్తుతో గూడ 28 నక్షత్రములకు 14 జంతువులు. పామునకును ముంగిసకును, ఆవునకును పులికిని వైరము. అయినను 36 గుణములలో దీని పాలు నాలుగే.

జపానులో మాత్రము ఈ నమ్మకము జనసంఖ్యనే కదల్చినది. 1966 అగ్ని అశ్వవత్సరము. ఆ యేట పుట్టిన ఆడపిల్ల మగని ప్రాణము తీయునను భయముచే, 1965లో 18 లక్షలు దాటిన జననములు ఆ యేట 13 లక్షల 60 వేలకు దిగినవి. మనకు అదే యేడు పరాభవ. పేరు విన్నంతనే దిగులు పుట్టవలసినదే! కాని పరాభవకు వెఱచి మనవారు బిడ్డలను కనుట మానలేదు.

ఇందుకు మనము గర్వింపనక్కరలేదు. మూలలో పుట్టిన పిల్ల మామగారికి గండమనియు, జ్యేష్ఠలో పుట్టినది బావగారికి కీడనియు, పిల్లను చూడకయే జాతకము త్రిప్పి పంపు ఇండ్లు మనలో ఎన్ని లేవు? ఆ 36 గుణముల లెక్కలో ఈ గండమునకు చోటే లేదు. శాస్త్రము పేర సాగునది ఒట్టి వెఱపే యని మా తలంపు.

2026లో ఫిబ్రవరి 17న వారి అగ్ని అశ్వమును, మార్చి 19న మన పరాభవయు మరల వచ్చినవి. ఈ యేట ఈ నగరమున మూలలో జన్మించు ఆడుబిడ్డల జాతకములు పాతికేండ్లకు మన యిండ్లకే వచ్చును.