పచ్చబొట్టు: గుమస్తా రాయని బొమ్మ

ఈసారి మన మాట పచ్చబొట్టు. టాటూ అనే మాట పసిఫిక్ దీవుల నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. పచ్చబొట్టు మన ఇంటి మాట. పొడిచేది నల్లటి మసితోనే. కానీ అది చర్మం కింద చేరి, పుండు మానాక, ఆకుపచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. అందుకే పచ్చ. దీనికి తగిన క్రియ కూడా నేర్చుకుందాం. పచ్చబొట్టు వేయించుకున్నాను అంటే తప్పేమీ లేదు. పాతవాళ్ల మాట మాత్రం "పొడిపించుకున్నాను". సూదితో పొడుస్తారు కదా.

నేను మొదటి పచ్చబొట్టు పొడిపించుకోవాలని అనుకుంటున్నాను. డర్బన్‌లో నాకు తెలిసినవాళ్లు తెలుగు అక్షరాల్లో ఇంటిపేరో, ఓంకారమో ఎంచుకున్నారు. నేను ఎంచుకునే ముందు ఒక సంగతి తెలుసుకోవాలనిపించింది. మనవాళ్లు ఓడ దిగినప్పుడు వాళ్ల చేతుల మీద ఏముంది?

ఎవరు పొడిచేవారు?

తెలుగు ఊళ్లలో ఈ పని ఎక్కువగా ఎరుకల స్త్రీలది. ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం. సోది చెప్పే ఎరుకలసాని గురించి మీరు వినే ఉంటారు. వాళ్లు ఊరూరా తిరుగుతూ సోది చెప్పేవారు, పచ్చబొట్లు పొడిచేవారు. తమిళ సీమలో వీళ్లను కొరవలు అంటారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల పుస్తకంలో, ఈ స్త్రీలు మసి తయారుచేసే పద్ధతి ఉంది.

పసుపు, అవిసె ఆకు కలిపి నూరతారు. ఆ ముద్దను పలుచటి గుడ్డకు పూసి, గుడ్డను వత్తిలా చుడతారు. ఆముదం పోసిన ప్రమిదలో ఆ వత్తిని వెలిగిస్తారు. పైన కొత్త కుండ బోర్లిస్తారు. కుండ లోపల పట్టిన మసిని గీకి, నీళ్లతో గానీ చనుబాలతో గానీ కలుపుతారు. మూడు నాలుగు కుట్టుసూదులు దారంతో కట్టి పొడుస్తారు. పల్లెల్లో కూలిగా కొన్ని తమలపాకులు, వక్కలు, కొలత గింజలు ఇస్తే సరిపోయేది.

ఈ జాబితాలో ఉన్నవన్నీ ఇంట్లో దొరికేవే. బొమ్మలు కూడా అంతే. చుక్కలు, గీతలు, ముగ్గు లాంటి అల్లికలు, తేలు. చదువు రాని ఊళ్లలో అక్షరాలతో పని లేదు. చచ్చాక నగలు వెంట రావు, పచ్చబొట్టు ఒక్కటే వస్తుంది అని పెద్దవాళ్లు నమ్మేవారు.

ఓడ పట్టీలో ఏముంది?

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా మనుషులు చెరకు తోటల కోసం, ఇతర పనుల కోసం ఒప్పందం మీద నాటాల్‌కు వచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి ఎక్కువ.

ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. పట్టీలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు రాశారు. ఇంకో గడి ఉంది: ఒంటి మీద గుర్తులు. అందులో గాయం మచ్చ, పుట్టుమచ్చ, పచ్చబొట్టు అన్నీ ఒకటే. మనిషి తోట వదిలి పారిపోతే పోల్చి పట్టుకోవడానికి అలాంటి గుర్తు పనికొస్తుంది. అంతవరకే గుమస్తాకు కావాలి.

మా ముత్తవ్వ వరుసలో ముంజేతి మీద పచ్చబొట్టు ఉందని రాసి ఉంది. ఏ బొమ్మో రాయలేదు. తేలా, చుక్కలా, ముగ్గా? ఆమెకు అది ఎవరు పొడిచారో, ఎందుకో తెలుసు. కాగితానికి తెలియదు. ఆమె పేరు కూడా గుమస్తా చెవికి వినిపించినట్టే పడింది. మన ఇళ్లలో నాయుడు అనే పేరుకు ఇంగ్లీషులో చివర రెండు ఓలు వచ్చింది కూడా ఇలాంటి రాతల్లోనే. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం గౌరవించాల్సిన భాషల్లో మన భాషను చేర్చింది. అది మనకు గర్వమే. కానీ అక్కడ కూడా స్పెల్లింగు "తెలెగు" అని ఉంది!

1911లో రెండు సంగతులు

ఆ ఏడాది ఉమ్లాజీ అనే ఓడతో నాటాల్‌కు ఒప్పందపు కూలీల రాక ఆగిపోయింది. అదే ఏడాది నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశారు. ఆ చట్టం కింద ఎరుకల వాళ్లను పుట్టుకతోనే అనుమానితులుగా చూశారు. తిరగడానికి ఆంక్షలు, పోలీసుల హాజరు పట్టీలు వచ్చాయి. 1913లో గుంటూరు ప్రాంతంలో స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. పచ్చబొట్టు పని బతికేదే ఊరూరా తిరగడం మీద. ఒక పక్క పొడిపించుకున్నవాళ్లు సముద్రం దాటారు. ఇంకో పక్క పొడిచేవాళ్లను కదలనివ్వలేదు. ఇద్దరి పేర్లూ సర్కారు పట్టీల్లోకి ఎక్కాయి.

మరి ఏం పొడిపించుకోవాలి?

తెలుగు అక్షరాలు వద్దని నేను అనడం లేదు. మీకు అక్షరాలు ఇష్టమైతే, బాగా చదవడం వచ్చినవాళ్లతో ఒత్తులూ దీర్ఘాలూ చూపించుకోండి. కానీ అక్షరాలే వారసత్వం అనుకోనవసరం లేదు. చదవడం రాని ముత్తవ్వ కూడా తన గుర్తు తెచ్చుకుంది.

ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు బంధువులు దొరికితే వాళ్లనూ అడగండి. ఈ మూడు ప్రశ్నలు రాసుకోండి:

"అవ్వా, ఈ పచ్చబొట్టు ఎవరు పొడిచారు?"
"అప్పుడు నీకు ఎన్నేళ్లు?"
"ఇది ఏ బొమ్మ? దీన్ని ఏమంటారు?"

ఫొటో తీసే ముందు "తీయమంటావా అవ్వా?" అని అడగడం మరిచిపోకండి. జవాబు ఆమె మాటల్లోనే రాసుకోండి. గుమస్తా వదిలేసిన గడి అదే.

నేను ముంజేతి మీద ఐదు చుక్కలు ఎంచుకున్నాను. అది ముత్తవ్వ బొమ్మ అని చెప్పను, ఎందుకంటే ఆమె బొమ్మ ఏదో ఎవరికీ తెలియదు. ఎవరైనా ఇదేంటని అడిగితే ఎరుకలసాని కుండ, మసి, మూడు సూదులు, ఓడ పట్టీ, అన్నీ తెలుగులో చెప్పగలను. చెప్పడం నేర్చుకున్నాకే పొడిపించుకుంటున్నాను.