ఆసుపత్రియే బడిగా: మిషను ఆసుపత్రులలో వైద్య సహాయకుల శిక్షణ

ఈ శతవార్షికోత్సవ సంచికలో అధ్యక్షులను గూర్చి, తొలి గురువులను గూర్చి, ఆలయములు కట్టించిన పెద్దలను గూర్చి వ్రాయువారు పలువురు కలరు. వైద్య సేవను గూర్చి వ్రాసేటప్పుడు కూడ కలము సహజముగా దొర డాక్టరు గారి మీదికో, డాక్టరు దొరసాని గారి మీదికో పోతుంది. అది తప్పు కాదు. కాని ఆ దొరసాని గారి చేతికి కత్తెర అందించిన దెవరు? సీసాలో మందు కలిపిన దెవరు? అర్ధరాత్రి లాంతరు పట్టుకొని వార్డు తిరిగిన దెవరు? పౌలు గారు రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయములో ఫీబే మొదలుకొని తనకు సహాయపడిన వారినందరిని పేరు పేరున తలచుకొన్నారు. మన సంఘ చరిత్రలలో అట్టి అధ్యాయము కనబడదు. ఆ లోటు మేము తీర్చగలమని కాదు గాని, ఈ సహాయకులు ఎక్కడి నుండి వచ్చారు, వారికి పని ఎవరు ఎట్లా నేర్పారు అనే సంగతి మా శక్తి కొలది వ్రాస్తున్నాము. మన అధ్యక్షఖండమునకే పరిమితము గాకుండ సాటి మిషనుల సంగతులు కూడ చేర్చాము. ఒక మిషను బోర్డింగులో చదివిన పిల్ల మరొక మిషను ఆసుపత్రిలో పని నేర్చుకొని మూడవ మిషనులో ఉద్యోగము చేయడము ఆ రోజులలో మామూలు.

గుంటూరుతో మొదలు పెట్టవలె. డాక్టరు అన్నా సారా కుగ్లర్ అమెరికన్ లూథరన్ మిషను తరపున 1883లో అక్కడికి వచ్చారు. పెన్సిల్వేనియాలోని స్త్రీల వైద్య కళాశాలలో 1879లో పట్టము పుచ్చుకొన్న వైద్యురాలు. అయినను మిషను వారు మొదట ఆమెను వైద్యము కొరకు గాక జెనానా పనికి నియమించారు. రోగులు ఆ నియామకపు కాగితము చూడలేదు; వచ్చి గుమ్మము ముందు కూర్చున్నారు. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరవబడినది. తమ కుటుంబమునకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు గారు ఆసుపత్రి దగ్గర సత్రము కట్టించారు. కులపు కట్టుబాటు గలవారు ఆసుపత్రిలో వండినది తినరు గనుక ఇట్టి సత్రములు లేకుండ ఆ కాలములో వైద్యము సాగేది కాదు. వంట ముట్టనివారు మందు మాత్రము పుచ్చుకొన్నారు. రోగము పెట్టే కష్టము అటువంటిది.

కట్టడము లేచినది సరే, లోపల పని చేయు చేతు లేవి? ఇక్కడే మన కథ మొదలవుతుంది. పురుడు పోయడము, నెత్తురు గుడ్డలు ఉతకడము, పుండు కడగడము మైల పని అని ఊరంతా తలచేవారు. పురుడు పోసే మంత్రసానికి చాటెడు బియ్యము, పాత కోక ఇచ్చి మళ్లీ గడప బయటనే నిలబెట్టేవారు. కాబట్టి మంచి కుటుంబము అని పేరున్న ఇంటి నుండి ఒక్క ఆడపిల్ల కూడ ఈ పనికి రాలేదు. వచ్చిన దెవరంటే మిషను బోర్డింగు పిల్లలు, భర్త పోయినవారు, భర్త వదలివేసినవారు, కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న అనాథలు. తిన్నగా చెప్పవలెనంటే వారిలో ఎక్కువ మంది మాల, మాదిగ పల్లెల నుండి వచ్చిన మన తల్లులు, అమ్మమ్మలు. ఊరి బావి దగ్గరకు పోరాని పిల్ల ఆసుపత్రి గేటు దాటి తెల్లచీర కట్టుకోగానే నాడి పట్టుకొని చూచే మనిషి అయినది. ఈ మార్పును గూర్చి మన ప్రసంగములలో తరచుగా వింటాము. ఆ పిల్ల అక్కడ ఏమి నేర్చుకొన్నది అనే మాట ఎవరూ చెప్పరు.

మొదటి రోజులలో తరగతి గది లేదు, పుస్తకము లేదు. దొరసాని గారు చేసినది చూసి చేయడమే చదువు. పడక మార్చడము, రోగిని కదల్చకుండ దుప్పటి మార్చడము, కత్తెరలు ఉడకబెట్టడము, థర్మామీటరు దులిపి పెట్టడము, గడియారము చూసి నాడి లెక్కించడము. ఇందులో గడియారము చూడడమే కష్టమని పెద్దవారు నవ్వుతూ చెప్పేవారు. ప్రొద్దు చూసి పని చేసుకొన్న ఇంటి పిల్లలకు నిమిషము, సెకండు అనేవి కొత్త లెక్కలు. క్రమేణ పాఠములు, పరీక్షలు వచ్చాయి. వెల్లూరులో డాక్టరు ఐడా స్కడ్డర్ గారి ఆసుపత్రిలో 1909లో నర్సుల బడి ఆరంభమైనది. చిత్తూరు సీమకు దగ్గర గనుక తెలుగు పిల్లలు అక్కడికి పోయి నేర్చుకొన్నారు. అదే వెల్లూరులో 1946లో నర్సింగుకు డిగ్రీ చదువు కూడ వచ్చినది.

ఇక కాంపౌండరు గారు. మా తరము వారికి ఈ మాట వినగానే ఒక వాసన గుర్తుకు వస్తుంది. టింక్చరు, కార్బాలిక్, ఓమపు నీరు కలిసిన వాసన అది. రోగి ఇంటి నుండి తన సీసా తానే తెచ్చుకొనేవాడు. లేకుంటే మందు లేదు. కాంపౌండరు గారు డాక్టరు చీటీ మీది లాటిను పొడి అక్షరములు చదివి, మెజరు గ్లాసులో కొలిచి, కల్వములో నూరి, త్రాసులో తూచి మిక్శ్చరు కట్టేవారు. చదువురాని రోగికి మోతాదు తెలియడము కొరకు కాగితపు ముక్కను మెట్లు మెట్లుగా కత్తిరించి సీసాకు అంటించేవారు. ఒక మెట్టు ఒక పూట. ఎంత తేలికైన ఉపాయము! జ్వరమునకు క్వినైను మిక్శ్చరు చేదుగా, అజీర్ణమునకు కార్మినేటివ్ మిక్శ్చరు ఘాటుగా ఉండేవి. చేదుగా లేని మందు పని చేయదని రోగుల గట్టి నమ్మకము.

అయితే ఆయన పని మందుల గదితో సరిపోలేదు. చిన్న ఆసుపత్రులలో ఆయనే కట్లు కట్టేవారు. ఆపరేషను రోజున రోగి ముఖము మీద జాలీ మూత పెట్టి చుక్క చుక్కగా క్లోరోఫారమో ఈథరో వేస్తూ, కనుపాప చూస్తూ, ఊపిరి లెక్కిస్తూ నిలబడేవారు. చుక్క ఎక్కువైతే ప్రాణము పోతుంది, తక్కువైతే రోగి లేచి కూర్చుంటాడు. అదే మనిషి సాయంత్రము రిజిస్టరు వ్రాసి, మరునాటి ఉదయము వరండాలో రోగుల ప్రార్థన నడిపించేవారు. డాక్టరు దొర సెలవు మీద స్వదేశము పోయినప్పుడు ఆసుపత్రి తలుపు మూతపడకుండ నిలిపినది కూడ చాల చోట్ల ఆయనే. జీతము మాత్రము ఉపదేశి జీతము వంటిదే. "సేవ" అనే మాట చాల గొప్పది, కాని జీతము పెంచమని అడిగినప్పుడల్లా ఆ మాటనే అడ్డము పెట్టడము న్యాయమని మాకు తోచదు. ఈ సంగతి పాత సంచికలలో ఎవరూ వ్రాయలేదు గనుక మేము వ్రాస్తున్నాము.

చట్టములు వచ్చిన తరువాత పరిస్థితి మారినది. మదరాసు రాజధానిలో 1926లో నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషను చట్టము వచ్చినది. దేశమంతటికి 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము, 1948లో ఫార్మసీ చట్టము వచ్చాయి. ఫార్మసీ చట్టము పాతవారిపై కొంత దయ చూపినది: అయిదేండ్లు ఆసుపత్రిలో మందులు కలిపిన అనుభవము గలవారు మొదటి రిజిస్టరులో పేరు వ్రాయించుకొనవచ్చునన్నారు. అట్లు మన కాంపౌండర్లు కొందరు ఫార్మసిస్టులైనారు. తరువాతి తరము వారికి మాత్రము డిప్లొమా లేనిదే ఆ పని లేదు.

చట్టము అవసరమే. 1946లో భోర్ కమిటీ వారు తేల్చిన లెక్క చూడండి: దేశములో సుమారు 43,000 మందికి ఒక నర్సు, 6,300 మందికి ఒక డాక్టరు. అర్హత పొందిన ఫార్మసిస్టులు దేశమంతా కలిపి 75 మంది! ఆ నర్సులలో పదింట తొమ్మండుగురు క్రైస్తవులే అని అప్పట్లో తరచుగా చెప్పుకొనేవారు. అంతటి కరువులో ఎవరు పడితే వారు సూది పట్టకుండ కట్టుదిట్టము చేయడము మంచిదే. కాని ప్రతి కట్టుదిట్టముతోను తలుపు కొంచెము మూసుకొన్నది. ఇన్ని పడకలు, ఇంతమంది బోధకులు ఉండవలెనన్న నిబంధనను చిన్న మిషను ఆసుపత్రుల బడులు తట్టుకొనలేక ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎనిమిదవ తరగతి, పదవ తరగతి అంటూ చదువు మెట్టు పెరిగిన కొద్దీ, అయిదవ తరగతితో ఆగిపోయిన వితంతువుకు చోటు లేకపోయినది. ఆమె ఆయాగా చేరినది. ఆమెకు నలభై యేండ్ల పని తెలుసు, కాగితము లేదు. 1950 తరువాత వచ్చిన ఏ.ఎన్.ఎం. చదువు ఈ ఖాళీని కొంత పూరించినది గాని పూర్తిగా కాదు.

ఆరోగ్యవరము సంగతి వేరు. క్షయరోగుల కొరకు కొన్ని మిషనులు కలిసి 1912లో మదనపల్లెలో ఆరంభించిన శానిటోరియము 1915లో ఆరోగ్యవరమునకు మారినది. డేనిష్ వైద్యులు డాక్టరు ఫ్రిమాట్ మోలర్ గారు దానిని నడిపారు. స్ట్రెప్టోమైసిన్ రాక పూర్వము క్షయకు మందు లేదు. గాలి, విశ్రాంతి, ఆహారము, నెలల తరబడి ఓర్పు, అంతే. అట్టి చోట నర్సు పని మందు ఇవ్వడము కంటె మనిషిని నిలబెట్టడము. కఫము పరీక్షించే ల్యాబు పని, ఎక్స్‌రే పని, ఇంటింటికి పోయి చూచే హెల్త్ విజిటరు పని ఇవన్నీ క్షయ వైద్యముతో పాటు పెరిగిన కొత్త కొలువులు. 1948లో మన దేశములో బి.సి.జి. టీకా మొదట వేసినది మదనపల్లెలోనే అన్నది మనవారికి గుర్తుండవలసిన విషయము.

కుష్ఠు వైద్యములో కూడ ఇట్లే. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో వెస్లియన్ మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ గారు, రాజా నర్సాగౌడ్ గారి ధనసహాయముతో 1915లో ఆసుపత్రి తెరిచారు. వెల్లూరు దగ్గర కరిగిరిలో 1955లో ఏర్పడిన కేంద్రము పారామెడికల్ వర్కర్లకు, ఫిజియోథెరపీ వారికి, ల్యాబు వారికి, మొద్దుబారిన పాదములకు తగిన చెప్పులు కుట్టేవారికి కూడ శిక్షణ ఇచ్చినది. పారామెడికల్ వర్కరు సైకిలు మీద పల్లె పల్లె తిరిగి, ఒంటి మీద మచ్చ కనబడితే దూదితో తాకి స్పర్శ ఉన్నదా అని అడిగి, మోచేతి దగ్గర నరము తడిమి చూచేవాడు. అతను పల్లెలో దిగితే చాటుకు తప్పుకొన్నవారు, అతని కాళ్లు పట్టుకొన్నవారు కూడ కలరు. 1982 నుండి బహుళ ఔషధ చికిత్స వచ్చినది, జబ్బు తగ్గినది, ప్రత్యేక వర్కర్ల కొలువులు కూడ తగ్గాయి. జబ్బును తరిమి తన ఉద్యోగమును తానే పోగొట్టుకొన్న పనివాడు లోకములో అరుదు.

ఒకే మనిషి పలు పనులు చేయడము మిషను ఆసుపత్రిలో లేమి వలన వచ్చినది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ దానినే ప్రభుత్వ పద్ధతిగా సూచించినది. అంతవరకు మలేరియాకు ఒకరు, మశూచి టీకాకు ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు వచ్చి ఒకే గుమ్మము తట్టేవారు. ఇక మీదట 3,000 నుండి 3,500 జనాభాకు ఒక ఉపకేంద్రము, అందులో ఒక స్త్రీ, ఒక పురుషుడు అన్ని పనులు చూడవలెనని కమిటీ చెప్పినది. ఏ.ఎన్.ఎం. పేరు బహుళార్థ ఆరోగ్య కార్యకర్త అయినది. పల్లెలో మాత్రము ఆమె నేటికి నర్సమ్మే. పని పెరిగినంతగా బలగము పెరగలేదన్నది మా అభిప్రాయము. రిజిస్టర్లు నింపడమునకే ఆమె ప్రొద్దు చాలదు.

ఇటీవలి సంగతి రెండు మాటలలో చెబుతాము. అమెరికాలో 1901 నుండి నడుస్తున్న జూనియరు కళాశాలల తరహాలో మన దేశములో కమ్యూనిటీ కాలేజీలు 1995లో పుదుచ్చేరిలో, 1996లో మదరాసు కతోలిక అగ్రపీఠము వారి చేత మొదలైనవి. చదువు మధ్యలో ఆగిన పిల్లలకు తక్కువ కాలములో పని నేర్పడము వాటి ఉద్దేశము, రోగి పడక దగ్గర సహాయము చేయు చదువు కూడ వాటిలో ఉన్నది. వితంతువుకు మూసిన తలుపు ఇట్లు మరొక ప్రక్క నుండి తెరుచుకొన్నదని మాకు తోచినది. 2021లో ల్యాబు, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ మొదలగు వృత్తులకు జాతీయ కమిషను చట్టము వచ్చినది. 1926లో నర్సులకు జరిగినదే వీరికి ఇప్పుడు జరుగుచున్నది.

ఈ లోగా మన సంఘములలోని తల్లిదండ్రులు పొలము కుదువబెట్టి పిల్లలను ఏదో ఒక పారామెడికల్ కోర్సులో చేర్చడము, కోర్సు ముగిసిన తరువాత దానికి గుర్తింపు లేదని తెలిసికొని గురువుల వద్దకు వచ్చి విలపించడము మేము చూచుచున్నాము. ఫీజు కట్టక ముందే ఏ కౌన్సిలు, ఏ బోర్డు గుర్తింపు ఉన్నదో కాగితము అడిగి చూడవలె. సిగ్గుపడనవసరము లేదు. పూర్వము రాత్రి డ్యూటీ చేసే పిల్లకు సంబంధము రాదన్న మన పెద్దలే, గల్ఫు ఉద్యోగములు మొదలైన తరువాత నర్సు కోడలు కావలెనని తిరిగారు. గనుక ఈ పని విలువ మనవారికి తెలియదని అనలేము.

చివరగా ఒక మనవి. పాత ఆసుపత్రుల గదులలో శిక్షణ పొందినవారి రిజిస్టర్లు చెదలు తింటున్నాయి. మీ ఇండ్లలో అమ్మమ్మ గారి మంత్రసాని సర్టిఫికెట్టు గాని, తాతగారి కాంపౌండరు నియామక పత్రము గాని, నర్సుల గ్రూపు ఫోటో గాని ఉంటే వెనుక పేర్లు, ఊరు, సంవత్సరము పెన్సిలుతో వ్రాసి మీ గురువు గారికి అప్పగించండి. నకలు తీసి మరల ఇచ్చేదము. ఫోటోలో చివరి వరుసలో నిలబడిన ఆయాల పేర్లు తెలిసినవారు ఇంకను బ్రతికి ఉన్నారు. ముందుగా వారిని అడగండి.