పొయ్యి మారిన కథ: సిరొంచ సీమ వంటయింటి చరిత్ర

దేశచరిత్రలో కోటలకును దేవాలయములకును దక్కిన చోటు వంటయింటికి దక్కలేదు. రాజ్యములు చేతులు మారిన సంవత్సరములు మనకు కంఠస్థములు. పొయ్యి ఎప్పుడు మారినది, ఎవరు మార్చిరి అని అడిగినచో చెప్పగలవారు అరుదు. కాని ఇంటి ఇల్లాలి కన్నులకును ఊపిరికిని రాజముద్రకంటె పొయ్యియే దగ్గరి చుట్టము. ఈ మాటకు గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ సీమ మంచి నిదర్శనము.

సిరొంచ ప్రాణహిత యొడ్డున నున్న పట్టణము. ఆ నది అక్కడికి సమీపముననే గోదావరిలో కలియును. ఆవలి యొడ్డున కాళేశ్వర క్షేత్రము కలదు. ఈ తాలూకాలోని అటవీగ్రామములలో జింగనూర్ ఒకటి. తెలుగు, మరాఠీ, మాడియా గోండుల భాష ఈ సీమలో పక్కపక్కనే వినబడును. 1860లో ఈ ప్రాంతము నిజామునుండి ఆంగ్లేయులకు సంక్రమించి ఎగువ గోదావరి జిల్లాయై, సిరొంచ దానికి ముఖ్యస్థానమయ్యెను. 1874లో ఆ జిల్లా రద్దుకాగా సిరొంచ చాందా జిల్లాలో చేరెను. 1956లో బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రకును వచ్చెను. 1982లో చంద్రపూరు జిల్లాను విభజించి గడ్చిరోలి జిల్లా నేర్పరచిరి. ఇన్ని మార్పులు జరిగినను వంటయింటిలోని మూడు పొయ్యిరాళ్ళు కదలలేదు.

ఆ పాత వంటయిల్లు అవివేకముతో కట్టినది కాదు. మట్టిగోడ, వెదురు వాసములు, గడ్డికప్పు, వంగి ప్రవేశింపవలసిన ద్వారము, కిటికీలేని గది: ఇదియే దాని రూపము. పొయ్యిపొగ వాసములకు పట్టి పురుగును దూరముంచెడిది. పైని వ్రేలాడగట్టిన విత్తనపు కంకులు పొగసోకి మరుసటి తొలకరివరకు నిలిచెడివి. అడవిలో కట్టెకు కొదువ లేదు. కావున ఇంటికి మేలుచేసిన పొగ ఇల్లాలికి కీడుచేసినను ఎవరును లెక్కింపలేదు. ఊదుగొట్టము పట్టి కన్నీరు కార్చుట వంటలో ఒక భాగమని ఎంచిరి. ఇంటిలోపలి పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనావేసినది. ఆ కన్నీటికి మనము చాల ఆలస్యముగా కట్టిన లెక్క యిది.

పొగను బయటకు పంపు యత్నము ఈ సీమకు రెండు వైపుల రెండుచోట్ల జరిగినది. ఒకటి వార్ధా. అక్కడి మగన్‌వాడీలో 1934లో గాంధీజీ ప్రేరణతో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము వెలసెను, జె. సి. కుమరప్ప దాని సారథి. 1947 ప్రాంతమున అక్కడినుండియే 'మగన్ చూల్హా' అను పొగగొట్టముగల మట్టిపొయ్యి వెలువడెను. రెండవది హైదరాబాదు. అక్కడి ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజు పొగరాని పొయ్యిని రూపొందించి, కోట్లాది జనుల వంటయిండ్లకై 1953లో ఒక పుస్తకమునే ప్రకటించిరి. రెండింటి మూలసూత్రము ఒక్కటే. వేడెక్కిన గాలి తేలికయై గొట్టముగుండ పైకెగయును. ఆ లాగుడుకు మంట లోపలి దారివెంట సాగి రెండవ కుండను గూడ వేడిచేయును. పొగ కప్పుదాటి పోవును. ఇందుకు కావలసినది మట్టి, ఊక, పేడ, ఓర్పుగల చేయి. ఇవి మన పల్లెటిండ్లలో ఎన్నడును కరవు కాలేదు.

మరి ఇంత సులభమైన మార్పు ఏల నిలువలేదు? 1983లో కేంద్రప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమము ఆరంభించెను. 2002లో అది ముగియులోపల మూడుకోట్లకు పైగా పొయ్యిలు కట్టబడెను. వానిలో అనేకము కొలది కాలమునకే మూలబడెను. పొయ్యికన్ను కొలత ఒకటి, ఇంటి కుండ అడుగు మరొకటి. ఆ సందునుండి పొగ మరల గదిలోనికి వచ్చెడిది. గొట్టములో మసి పేరుకొన్న లాగుడు తగ్గును. దానిని దులుపవలెనని చెప్పినవారు తక్కువ. గడ్డికప్పుకు గొట్టపు నిప్పురవ్వ భయము. అన్నిటికిని మించిన కారణము మరొకటి కలదు. కట్టినవాడు వండువాడు కాడు. వండునామెను ఎవరును అడుగలేదు. తన చేతితో మెత్తిన పొయ్యి పగిలినచో ఆమె మరునాడే మెత్తుకొనును. ఒరులు కట్టిపోయిన పొయ్యి పగిలినచో వారికొరకు ఎదురుచూచును.

పిమ్మట గ్యాసుపొయ్యి వచ్చెను. నదికి ఆవలి యొడ్డున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపము పథకము, దేశమంతటను 2016లో ఉజ్జ్వల పథకము పేదయిండ్లకు దానిని చేర్చినవి. ఇది గొప్ప మేలు. అయినను బండ మరల నింపించుటకు రొక్కము కావలెను, అడవికట్టెకు అక్కరలేదు. కావున పల్లెలలో పెక్కిండ్ల రెండు పొయ్యిలును నిలిచినవి. పాత వంటయింటిని స్వయముగా మార్చుకొనువారు ముఖ్యముగా గ్రహింపవలసిన మర్మ మిక్కడనే యున్నది. పొగ పైకి పోవును. వంటగ్యాసు గాలికంటె బరువైనది గనుక నేలమీదికి దిగును. పొగకు కప్పుదగ్గర కంత కావలెను, గ్యాసుకు నేలమట్టమున గాలిదారి కావలెను. గ్యాసుపొయ్యి తిన్నెమీద బండకంటె ఎత్తున ఉండవలెను. బండను నిలువుగా నుంచవలెను. కట్టెపొయ్యిని ఆ గదిలోనే ఉంచరాదు, వసారాకు తరలింపవలెను. పాతగదిలో కొత్తపొయ్యిని పెట్టినంతమాత్రమున వంటయిల్లు కొత్తది కాదు.

పనికి క్రమము కూడ కలదు. మొదట కప్పును సరిచేసి కంత విడువవలెను, పిదప గోడలో కిటికీ తెరవవలెను, ఆ తరువాత తిన్నె కట్టవలెను, పొయ్యి చివర. తిన్నె యెత్తు వండునామె నిలిచినపుడు చేతికి అందునట్లుండవలెను గాని మేస్త్రీ అలవాటునుబట్టి కాదు. మట్టిపొయ్యి బాగుగా ఆరినపిదప సన్ననిమంటతో తొలివంట చేయవలెను. తొందరపడిన పగుళ్ళు తప్పవు. గోడలు అలికి ముగ్గులు తీర్చు చేతులకు ఈ పని కొత్తది కాదు.

పైనుండి వచ్చిన యే మార్పైనను ఇల్లాలి చేతిమీదుగా సాగిననే నిలుచును. వార్ధా, హైదరాబాదుల పెద్దలు చెప్పిన దిదియే. మూడుకోట్ల పొయ్యిల అనుభవము రుజువుచేసిన దిదియే. మన సంఘములు శాసనములను సేకరించినట్లే సిరొంచ, జింగనూర్ పరిసరముల వృద్ధమాతలనుండి పాత వంటయింటి కొలతలను, పేర్లను, పనులను వ్రాసికొనవలెను. ఆ జ్ఞాపకము పోయినచో కొత్త వంటయింటికి పునాది పోయినట్లే.