చత్వారము

నలువదియేండ్లు దాటినవారికి దగ్గఱి యక్షరము మసకగా తోచుటకు మనవారు 'చత్వారము' అని పేరిడిరి. కొందఱు 'చాలీసు' అందురు. రెండు పేళ్లును నలువది సంఖ్యతో ముడివడినవే. రుగ్మతకు వయస్సే పేరైనపుడు దానికి చికిత్స యేల యని జనులు తలచుట వింత కాదు. ఆ తలంపు ఎంత చెఱుపు చేయునో నే నెఱుగుదును.

మా మేనత్త కడపటి యేండ్లలో ప్రక్కనున్న మనిషి కానరాక గోడ పట్టుకొని నడచెడిది. వైద్యునియొద్దకు పోదమన్నచో, "ముసలితనములో దీపము కొండెక్కక మానునా, నాయనా!" అనెడిది. మేమును అది నిజమే యని యూరకుంటిమి. తుదకు చూపించినపుడు వైద్యుడు, అది శుక్లము కాదనియు, నీటికాసులనియు, పోయిన చూపు మఱి రాదనియు చెప్పెను. ఇంత చూచియు నేను, చత్వారము వచ్చిన పిదప అద్దములు పెట్టుకొన సిగ్గుపడి, పుస్తకమును బారెడు దూరమున పట్టి రెండేండ్లు పాఠములు చెప్పితిని.

మన పూర్వులు చూపు తగ్గుటను విధి యని విడిచినవారు కారు. సుశ్రుతసంహితయందలి ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములు చెప్పబడినవి. లింగనాశమునందు శలాకతో కంటిని గ్రుచ్చి, చూపున కడ్డమైన దోషమును తొలగించు విధానము అందు కలదు. శస్త్రము పిదప రోగి తుమ్మరాదు, దగ్గరాదు, త్రేన్పరాదు అని యెంతో జాగ్రత్త చెప్పబడినది. కాని కాలక్రమమున ఈ విద్య శాస్త్ర మెఱుగని దేశద్రిమ్మరుల పాలై, పెక్కుకన్నులను చెఱచినది.

కంటియద్దములు ఇటలీదేశమున 13వ శతాబ్దపు తుదిని పుట్టినవి. 1306లో ఫ్లారెన్సునగరమున ఒక మతగురువు, ఈ విద్య కనిపెట్టి యిరువదియేండ్లయినను కాలేదని తన ప్రసంగమున చెప్పెను. మనవైపున కృష్ణదేవరాయల మన్ననలందిన వ్యాసరాయలు గ్రంథము చదువునపుడు కంటియద్దములు ధరించెనని సోమనాథకవి వ్యాసయోగిచరితమునుబట్టి పండితుడు పి. కె. గోడే చూపెను. సన్న్యాసాశ్రమమున నున్న ఆ మహావిద్వాంసుడు చదువుకొఱకు సిగ్గు పడలేదు. బడిపంతులైన నేను పడితిని!

శుక్లమునకును మార్గము క్రమముగా తెఱపడినది. 1747లో ఫ్రెంచివైద్యుడు దవియేలు మసకబాఱిన కటకమును కంటినుండి వెలికి తీసెను. 1949లో లండనున హెరాల్డు రిడ్లీ దానికి మాఱుగా కృత్రిమకటకమును కంటిలోనే అమర్చెను. యుద్ధమున విమానపు పైకప్పు ముక్కలు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొన్నను వాపు కలుగకుండుట చూచి, ఆయన ఆ జాతి పదార్థమునే యెన్నుకొనెను.

అద్దములు ఆలసించినను పని చేయును. శుక్లమును ఆలసించి తీసినను తఱచుగా చూపు మరలవచ్చును. నీటికాసులకట్టి దయ లేదు. కంటిలోని యొత్తిడి మొదలగు కారణములచే దృష్టినాడి మెల్లగా చెడును. పెక్కండ్రకు నొప్పి యుండదు. ముందు ప్రక్కచూపు పోవును. ఎదుటిచూపు కడదాక నిలుచును గనుక రోగి కేమియు తెలియదు. 1851లో హెల్మ్‌హోల్ట్సు కంటిలోపలి భాగమును చూచు యంత్రమును కనిపెట్టినపిదపనే ఈ చేటును బ్రతికియున్నవారి కంటిలో చూడగలిగిరి. 1819లో వెలసిన చెన్నపట్టణపు నేత్రవైద్యశాలకు అధికారియైయుండిన ఇలియట్టు, కంటి తెల్లపొరలో సన్నని రంధ్రము చేసి లోపలినీరు వెలువడు శస్త్రమునుగూర్చి 1913లో గ్రంథము ప్రకటించెను. ఆ కాలమున చెన్నపట్టణము కోస్తా, రాయలసీమల తెలుగువారికిని రాజధానియే. కావున మేనత్త పుట్టకమునుపే ఈ రోగమునకు శస్త్రము మనకు దవ్వుగాక యుండెను. కొఱవడినది శాస్త్రము కాదు. అడుగు వేయు బుద్ధి.

తెలంగాణమున 2018లో, ఆంధ్రప్రదేశమున 2019లో 'కంటి వెలుగు' పేర ప్రభుత్వములు ఉచితముగా కన్నులు పరీక్షించి అద్దము లిచ్చినవి. అట్టివి యెన్ని వచ్చినను, "ముసలితనమే కదా" యను మాట యింటిలో నున్నంతవఱకు తలుపు మూసినట్లే.

కావున చదువరులారా, నలువది నిండినవెంటనే చత్వారపు అద్దములకు పోయిననాడే కంటి యొత్తిడిని, దృష్టినాడిని గూడ చూపించుకొనుడు. ఇంట నీటికాసు లున్నవారు మఱింత ముందుగా పోవలెను. మధుమేహము కలవారు ఏటేట పరీక్షింపించుకొనవలెను. పొగత్రాగుట శుక్లమును త్వరపెట్టును. వైద్యుడు చెప్పని చుక్కలమందు కంటిలో వేసికొనరాదు. కొన్నింటివలన నీటికాసులే రావచ్చును. ఇంటిలో పెద్దవారు గోడ పట్టుకొని నడచుచున్నచో, వయస్సును నిందింపక వైద్యునియొద్దకు తోడుకొని పొండు. మేము ఆ పని చేయలేదు.