ఏడుపు ఎవరిది? పాట ఎవరిది?

చరిత్ర అంటే రాజుల శాసనాలే కాదు, నోరు నొక్కిన కాలంలో జనం పాడుకున్న పాటలు కూడా చరిత్రేనని మేము మొదట్నుంచీ అంటున్నాం. అయితే పాటకీ ఒక రాజకీయం ఉంటుంది. దూరంగా ఉన్న ఉదాహరణ తీసుకుంటే అది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అందుకే ఈసారి 16వ శతాబ్దపు ఇంగ్లండు సంగతి చెప్పుకుందాం.

1559లో ఆరాధనంతా ఇంగ్లీషు ప్రార్థనల పుస్తకం ప్రకారమే జరగాలని చట్టం వచ్చింది. కాథలిక్కుల పూజ నేరమైపోయింది. 1581లో రాజ్యపు చర్చికి రానివాళ్ల జరిమానా నెలకు 20 పౌండ్లకు పెంచారు. అదే ఏడాది డిసెంబరులో ఎడ్మండ్ కాంపియన్ అనే జెస్యూట్ ఫాదరీని లండన్‌లో ఉరితీసి ముక్కలు చేశారు. ఆ రోజుల్లో కాథలిక్కు అయిన విలియం బర్డ్ కట్టిన మోటెట్టే 'నే ఇరాస్కారిస్ డోమినే'. 1589లో అచ్చయింది.

మోటెట్ అంటే పవిత్ర వచనాన్ని అనేక గొంతులు వేర్వేరు వరసల్లో పాడేలా అల్లిన పాట. ఇందులో ఐదు గొంతులు. మాటలు లాటిన్‌వి, యెషయా గ్రంథం 64వ అధ్యాయంలోవి. దేవుడు కోపం చాలించాలని, తామంతా ఆయన జనమేనని, ఆయన పట్టణం పాడుబడిందని మొర. ఇంగ్లండు ఊసే లేదు. గూఢచారి పట్టుకున్నా అది బైబిలు వాక్యమే కదా! వినే కాథలిక్కుకు మాత్రం యెరూషలేము అంటే ఏమిటో తెలుసు.

సంగీతం ఏం చేస్తుందో చూడండి. ఒక గొంతు ఎత్తుకున్న మాటను ఇంకోటి అందుకుంటుంది, దాన్నుంచి మరోటి. ఎవరూ ఎవరికీ వంత కాదు. సీయోను ఎడారి అయిందన్న చోట ఈ అల్లిక ఆగిపోతుంది. గొంతులు కలిసికట్టుగా, మెల్లగా, ఒక్కో అక్షరాన్నీ పలుకుతాయి. ఆ తర్వాత యెరూషలేము పాడుబడిందన్న మాట మళ్లీ ఒకరి నుంచి ఒకరికి పోతూ ఎంతకీ తెగదు. ఏడ్చేది ఒక్కరు కాదు, ఊరంతా అన్నట్టుంటుంది.

అయితే ఒక మాట తేల్చి చెప్పాలి. బర్డ్‌ని అంటరానివాడితో పోల్చలేం. 1572 నుంచి అతను రాణి ఆస్థాన ప్రార్థనామందిరంలో ఉద్యోగి. 1575లో టాలిస్‌తో కలిసి సంగీతం అచ్చేసే గుత్తహక్కు పొందాడు. అతని పాట లాటిన్‌లో ఉంది, పొలంలో కూలివాడికి అందేది కాదు. అన్నిటికీ మించి, కాథలిక్కులు రాజ్యం మతంలో కలిసిపోతే ఆ శిక్ష తప్పేది. కులం అలా పోదు. మతం మారినా వెలివాడ మారలేదని, పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తమను షెడ్యూల్డు కులాల జాబితా బయటే ఉంచిందని మన దళిత క్రైస్తవులకు బాగా తెలుసు.

అసలు పాఠం తర్వాతది. 1641లో జాన్ బర్నార్డ్ అచ్చేసిన ఆంగ్లికన్ చర్చి సంగీత సంపుటంలో ఇదే సంగీతం ఇంగ్లీషు మాటలు తొడుక్కుని కూర్చుంది. ఏ చర్చి పెత్తనం కింద ఆ ఏడుపు పుట్టిందో ఆ చర్చే దాన్ని తన సొత్తు చేసుకుంది. స్వరం మిగిలింది, ఫిర్యాదు రాలిపోయింది.

కాబట్టి పాటను కాపాడ్డమంటే బాణీని కాపాడ్డం మాత్రమే కాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరి మీద పాడారో కూడా రాసిపెట్టాలి. బర్డ్ చేతిలో అచ్చు ఉంది కాబట్టి అతని లాటిన్ పాట నిలిచింది, దాని వెనకున్న గోడును మనం ఈనాడు తవ్వి తీయగలుగుతున్నాం. మన వాడల్లో డప్పు మీద పాడిన పాటలు ఎన్నో అచ్చు మొహం చూడకుండానే పోయాయి. మిగిలినవాటిని వాటి గోడుతో సహా రాసుకోవడం మన పనే.